యోధుడి పేరు పెట్టుకున్న ఊరి వారసత్వ సంఘంలో మనం చేరవచ్చా? అతని గురించి చెప్పేదంతా నిజమేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు న్యూ ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊళ్లో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసిన ఒక సైనికుడి పేరుతో ఆ ఊళ్లో ఒక వారసత్వ సంఘం ఉంది. 250 ఏళ్ల ఉత్సవాలకు చేయి కలపమని వారు మీ కుటుంబాన్ని పిలిచారు. అదే సైనికుడి మీద మీ అమ్మాయి బడిలో వ్యాసం రాయాలి. అతని వంశానికి ఏ సంబంధమూ లేని మనం ఆ సంఘంలో చేరవచ్చా అన్నది మీ మొదటి సందేహం. ఊరి కూడలిలోని ఫలకం మీద చెక్కిన మాటలను ఎంతవరకు నమ్మాలన్నది రెండవది.

సూటిగా చెప్పాలంటే, అది ఊరి సంఘమైతే నిస్సంకోచంగా చేరవచ్చు. ఫలకం సంగతి మాత్రం, ఆ సైనికుడి పెన్షన్ ఫైలు చదివిన తరువాతే నమ్మండి.

నేను మసాచుసెట్స్‌లో ఇటువంటి ఒక సంఘానికి చాలాకాలంగా పాత దస్త్రాల గది చూసుకుంటున్నాను. జీతం సాఫ్ట్‌వేర్‌ది, శనివారాలు దస్త్రాలవి. కింద రాసినదంతా ఆ గదిలో నేర్చుకున్నదే.

మొదట చేరిక విషయం. ఒకేలా వినిపించే రెండు రకాల సంస్థలున్నాయి. ఒకటి వంశాధార సంఘాలు. సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ అనే పురుషుల సంఘం 1889లో ఏర్పడింది. అందులో స్త్రీలకు చోటు లేకపోవడంతో మరుసటి సంవత్సరం, 1890 అక్టోబరులో, వాషింగ్టన్‌లో డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ పుట్టింది. దీనినే డీఏఆర్ అంటారు. వీటి స్థానిక శాఖలలో చాలావాటికి ఆ ప్రాంతపు సైనికుడి పేరో, అతని భార్య పేరో ఉంటుంది. స్వాతంత్ర్యానికి తోడ్పడిన ఒక పూర్వీకుడి నుంచి తరం తరువాత తరంగా రక్తసంబంధాన్ని కాగితాలతో నిరూపిస్తేనే వీటిలో సభ్యత్వం దొరుకుతుంది. ఆ తోడ్పాటు తుపాకి పట్టడమే కానక్కరలేదు. సైన్యానికి ధాన్యమో పశువులో ఇచ్చినా, కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేసినా డీఏఆర్ లెక్కలోకి తీసుకుంటుంది. కనుక మీరూ నేనూ అక్కడ సభ్యులం కాలేము. అయితే మన పిల్లలు ఇక్కడి కుటుంబాలలో పెళ్లి చేసుకుంటే వారి పిల్లలకు ఆ అర్హత రావచ్చు, ఎందుకంటే తల్లి వైపు నుంచి వచ్చిన వంశం కూడా చెల్లుతుంది.

రెండవది ఊరి చారిత్రక లేదా వారసత్వ సంఘం. పేరు ఒక సైనికుడిదే అయినా దాని పని ఊరి జ్ఞాపకాన్ని కాపాడడం: పాత ఇల్లు, సమాధుల తోట, ఫొటోలు, దస్త్రాలు. ఇందులో సభ్యత్వానికి ఏడాది రుసుము తప్ప వేరే అర్హత సాధారణంగా ఉండదు. మిమ్మల్ని పిలిచిన తీరు చూస్తే మీ ఊరి సంఘం ఈ రకానిదే అనిపిస్తోంది. సందేహముంటే వారి నియమావళి అడగండి. సభ్యత్వం ఎవరికన్నది మొదటి పుటలలోనే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పేరు పెట్టుకున్న మనిషిని గౌరవించడమంటే అతడు తన గురించి తాను ఏమి చెప్పుకున్నాడో ముందుగా వినడం. ఇటువంటి మాట రెండున్నర శతాబ్దాల నాటి సామాన్య సైనికుడి విషయంలో ఎలా సాధ్యమని మీకు అనిపించవచ్చు. ఆశ్చర్యమేమంటే, ఎంతోమంది విషయంలో సాధ్యమే. యుద్ధం ముగిసిన దశాబ్దాల తరువాత అమెరికన్ కాంగ్రెస్ వరుసగా పెన్షన్ చట్టాలు చేసింది. 1818 నాటి చట్టం కాంటినెంటల్ సైన్యంలో, అంటే కాంగ్రెస్ నిలిపిన స్థిర సైన్యంలో, కనీసం తొమ్మిది నెలలు పనిచేసి, సహాయం లేనిదే బతకలేని స్థితిలో ఉన్నవారికి వర్తించింది: మామూలు సైనికుడికి నెలకు 8 డాలర్లు, అధికారికి 20. దరఖాస్తులు వెల్లువలా రావడంతో 1820లో ఆస్తి జాబితా కూడా కోర్టులో దాఖలు చేయాలన్నారు. 1832 నాటి చట్టం పేదరికం షరతును తీసివేసి, ఊరి మిలిషియాలో, అంటే పిలుపు వచ్చినప్పుడు కదిలే పౌరుల దళంలో, పనిచేసినవారిని కూడా చేర్చుకుంది. మొత్తం సేవ ఆరు నెలలకు తగ్గకపోతే చాలు. 1836 నుంచి వితంతువులకు దారి తెరుచుకుంది.

ఈ చట్టాల పుణ్యమా అని దేశపు దస్త్రాగారమైన నేషనల్ ఆర్కైవ్స్‌లో 80,000కు పైగా ఫైళ్లు మిగిలాయి. 1832 తరువాతి ఫైలు ఒకటి తెరిస్తే కనిపించేది ఇది. డెబ్బై, ఎనభై ఏళ్ల ముసలివాడు కౌంటీ కోర్టులో న్యాయమూర్తి ముందు ప్రమాణం చేసి నిలబడతాడు. వార్ డిపార్ట్‌మెంట్ పంపిన ఏడు ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడ, ఏ సంవత్సరంలో పుట్టావు? వయసుకు ఆధారమేమైనా ఉందా? సైన్యంలోకి పిలిచినప్పుడు ఎక్కడ ఉంటున్నావు, తరువాత ఎక్కడెక్కడ ఉన్నావు? స్వచ్ఛందంగా వెళ్లావా, బలవంతపు పిలుపు మీద వెళ్లావా, ఇంకొకరికి బదులు మనిషిగా వెళ్లావా? నీతో ఉన్న అధికారులెవరు? విడుదల పత్రం ఇచ్చారా, అదేమైంది? నీ సత్ప్రవర్తనకు సాక్ష్యం చెప్పగల ఇరుగుపొరుగువారెవరు? అతడు చెప్పినది గుమాస్తా రాసుకుంటాడు. అందువల్ల ఆ పేజీలలో కోర్టు భాష వెనుక నుంచి అప్పుడప్పుడు ఆ మనిషి గొంతు వినిపిస్తుంది: కెప్టెన్ పేరు గుర్తుంది, కల్నల్ పేరు మరిచిపోయాను, చలికాలంలో బూట్లు లేవు, విడుదల కాగితం ఇల్లు కాలినప్పుడు పోయింది. చివరన కొందరు వణుకుతున్న చేత్తో సంతకం చేస్తారు, కొందరు గుణకారపు గుర్తు పెడతారు.

వితంతువుల ఫైళ్లు ఇంకా విలువైనవి. పెళ్లి జరిగిందని నిరూపించడానికి ఊరి రిజిస్టరులో నమోదు దొరకనివారు తమ కుటుంబపు బైబిలులో పెళ్లిళ్లు, పుట్టుకలు రాసుకున్న పుటను చించి దరఖాస్తుతో పంపించారు. ఆ పుటలు తిరిగి ఇంటికి చేరలేదు. ఇప్పటికీ ఫైళ్లలోనే ఉన్నాయి. పిల్లల పేర్లు, వారి పుట్టిన తేదీలు, కొన్నిటి పక్కన చాలా త్వరగా వచ్చిన మరణ తేదీలు, అన్నీ ఒకే చేతిరాతలో. వంశవృక్షాలు గీసేవారు ఈ పుటల కోసమే ఫైళ్లు వెతుకుతారు.

1820 నాటి ఆస్తి జాబితాలను మాత్రం ఉత్సవ ఉపన్యాసాలలో ఎవరూ చదవరు. మెయిన్ ప్రాంతంలో స్థిరపడిన జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ యుద్ధంలో చాలా సంవత్సరాలు పనిచేసినవాడు. తరువాత తన అనుభవాలను అచ్చువేసినందువల్ల ఇప్పుడు చరిత్రకారులందరూ అతనిని ఉదహరిస్తారు. 1820లో అతడు కోర్టులో చూపించుకున్న ఆస్తి, పక్కబట్టలు, ఒంటిమీద బట్టలు పోగా, రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. తన పని కూలి అని, వయసు మీద పడి ఇక పని చేయలేకపోతున్నానని, భార్యకు కీళ్ల జబ్బని చెప్పుకున్నాడు. మీ ఊరి సైనికుడికి ఇటువంటి జాబితా ఉంటే, ఫలకం పక్కన దానిని పటం కట్టి పెట్టమని సంఘానికి నేనైతే గట్టిగా సూచిస్తాను.

మా సంఘంలో ఎదురైన ఒక సంగతి చెబితే మీకు దారి తెలుస్తుంది. మా పక్క ఊరి సైనికుడి ఫలకం మీద అతడు కెప్టెన్ అని, 1775 జూన్‌లో బంకర్ హిల్ పోరులో పాల్గొన్నాడని ఉంది. ఫలకం వేయించింది అతడు పోయిన చాలా తరాల తరువాత. ఫైలు తెప్పించి చదివితే అతడు మామూలు సైనికుడు. విడతలు విడతలుగా మిలిషియా సేవ చేశాడు. అందులో ఎక్కువ భాగం సరటోగాలో లొంగిపోయిన బ్రిటిష్ సేనాని బర్గోయిన్ సైన్యాన్ని కేంబ్రిడ్జ్ దగ్గర వింటర్ హిల్, ప్రాస్పెక్ట్ హిల్ కొండల మీద ఉంచినప్పుడు ఆ ఖైదీలకు కాపలా కాయడం. కెప్టెన్ అన్న బిరుదు యుద్ధం తరువాత ఊరి మిలిషియాలో వచ్చింది. ఆ కాలంలో ఇది సర్వసాధారణం: శాంతికాలపు మిలిషియాలో వచ్చిన హోదాను జీవితాంతం పేరు ముందు పెట్టి పిలిచేవారు, రాయి చెక్కేవాడు దానినే యుద్ధంలోకి తోసేసేవాడు. ఈ సంగతి బయటపెట్టినప్పుడు కొందరు పెద్ద సభ్యులు నొచ్చుకున్నారు. వారి బాధ సహజమే. కానీ ఖైదీలకు కాపలా కాయడం చిన్న పనేమీ కాదు. వేల మంది శత్రు సైనికులను ఆ కొండల మీద నెలల తరబడి ఉంచి, వారికి కట్టెలు, తిండి సమకూర్చడం ఆ చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద భారమైంది. చివరకు పాత ఫలకాన్ని పీకలేదు; అది కూడా ఒక తరం నమ్మకానికి దస్త్రమే. దాని పక్కన మరొక బోర్డు పెట్టి, కోర్టు వాంగ్మూలం ఫొటోను, అందులోని మాటలను ఉంచారు. ఇప్పుడు చూడవచ్చేవారు ఎక్కువసేపు నిలబడేది ఆ రెండో బోర్డు దగ్గరే.

అయితే ఫైలులో ఉన్నదంతా వేదవాక్కు కూడా కాదు. దీనికి మంచి ఉదాహరణ డెబొరా శాంప్సన్. 1760లో ప్లింప్టన్‌లో పుట్టిన ఈమె మగవేషంలో రాబర్ట్ షర్ట్‌లిఫ్ అన్న పేరుతో మసాచుసెట్స్ నాలుగవ రెజిమెంటులో చేరి, గాయపడి, 1783 అక్టోబరులో గౌరవంగా విడుదలైంది. తరువాత షారన్‌లో కాపురముంది. ఆ ఊళ్లో ఆమె విగ్రహం ఉంది. ఆమెకు ఫెడరల్ పెన్షన్ రావాలని పాల్ రెవీర్ 1804లో కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాశాడు. 1805లో నెలకు 4 డాలర్లు మంజూరైంది. ఇంతవరకు గట్టి ఆధారాలున్నాయి. కానీ 1818లో ఆమె ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయినప్పుడు తానక్కడ ఉన్నానని ఉంది. అది 1781 అక్టోబరు నాటి సంగతి. మసాచుసెట్స్ శాసనసభ 1792లో ఆమెకు బకాయి జీతం మంజూరు చేస్తూ రాసుకున్న ప్రకారం ఆమె చేరింది 1782 మే నెలలో. 1797లో వెలువడిన ఆమె జీవితకథలో రచయిత బాగా రంగులద్దాడు. ఆ రంగులు ఆమె మాటల్లోకి కూడా దిగాయని చరిత్రకారులు భావిస్తున్నారు. దీనివల్ల ఆమె గొప్పతనం పిసరంత కూడా తగ్గదు. పదిహేడు నెలలు మగవారి నడుమ సైన్యంలో నిలిచిన స్త్రీకి యార్క్‌టౌన్ అలంకారం అవసరమే లేదు. కనుక వాంగ్మూలాన్ని ఆ కాలపు హాజరు పట్టీలతో, జీతం పట్టీలతో సరిచూడాలి. మసాచుసెట్స్ రాష్ట్రం 1896 నుంచి 1908 వరకు 17 సంపుటాలుగా అచ్చువేసిన సైనికుల, నావికుల పట్టిక ఇందుకు మొదటి మెట్టు. మీ ఊరి గ్రంథాలయంలో అడిగి చూడండి.

దీనికి ఆవలి అంచు వర్జీనియా బలశాలి పీటర్ ఫ్రాన్సిస్కో. 1781 మార్చిలో గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ పోరులో అతడు గాయపడిన మాట నిజం. అక్కడి యుద్ధభూమిలో అతని పేర స్మారకం ఉంది. కానీ క్యామ్డెన్ పోరులో అయిదువందల కిలోల ఫిరంగిని భుజాన వేసుకుని మోసుకెళ్లాడన్న కథే జనం నోళ్లలో నిలిచింది. 1975లో తపాలా శాఖ వేసిన 18 సెంట్ల స్టాంపు మీద కూడా ఆ ఫిరంగినే మోయించారు. ప్రభుత్వ ముద్ర పడినంత మాత్రాన కథ చరిత్ర కాదని మీ అమ్మాయికి చెప్పడానికి ఆ స్టాంపు బాగా పనికొస్తుంది.

ఫైలు దొరకకపోతే కంగారు పడవద్దు. 1818కి ముందే చనిపోయినవారు, ఆరు నెలలకంటే తక్కువ పనిచేసినవారు, దరఖాస్తే పెట్టనివారు వేలమంది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో యుద్ధం మొదలైందన్న కబురు విని పరుగెత్తి, కొద్దిరోజుల్లో ఇంటికి తిరిగివచ్చిన రైతులు కూడా సైనికులే. పైగా 1800 నవంబరులో వార్ డిపార్ట్‌మెంట్ కార్యాలయం తగలబడి అంతకుముందరి దస్త్రాలు చాలావరకు బూడిదయ్యాయి. ఫైలు లేదంటే అతడు పోరాడలేదని కాదు.

అందరూ బోల్తా పడే చోటు ఇంకొకటి ఉంది: ఒకే పేరున్న ఇద్దరు మనుషులు. ఆనాటి దస్త్రాలలో పేరు వెనుక సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులని అనుకోకండి. ఊళ్లో ఆ పేరుగల ఇద్దరిలో వయసులో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే అర్థం కావచ్చు. మన ఊళ్లలో పెద్ద సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య అనే వాడుక లాంటిదే. పెద్దవాడు చనిపోతే ఇంతకాలం జూనియర్ అయినవాడు సీనియర్ అయిపోతాడు. పాత సంఘాలు ఇద్దరి సేవను కలిపి ఒకరికి కట్టబెట్టిన సందర్భాలు నేను చూశాను. డీఏఆర్ వారి వంశావళి వెతుకులాట వెబ్‌పుటను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అందులో కొందరు పూర్వీకుల పేర్ల పక్కన ఎర్ర అక్షరాలలో హెచ్చరికలుంటాయి. వాటిని దాటవేయకండి.

1790 జనాభా లెక్కను కూడా చూడండి. అందులో ఇంటి యజమాని పేరు, తరువాత అయిదు గడులు ఉంటాయి: పదహారేళ్లు దాటిన స్వతంత్ర శ్వేత పురుషులు, అంతకంటే చిన్న బాలురు, స్వతంత్ర శ్వేత స్త్రీలు, ఇతర స్వతంత్రులు, బానిసలు. మసాచుసెట్స్‌లో ఆ చివరి గడి అప్పటికి ఖాళీ. కనెక్టికట్, రోడ్ ఐలండ్, న్యూయార్క్‌లలో కాదు. స్వేచ్ఛ కోసం పోరాడినవాడి ఇంట్లో ఆ గడిలో అంకె ఉంటే సంఘం దానిని దాచకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. అలాగే ఆ యుద్ధంలో నల్లజాతి సైనికులు కూడా వేల సంఖ్యలో పనిచేశారు. బంకర్ హిల్‌లో పోరాడిన సేలం పూర్ ధైర్యాన్ని ప్రశంసిస్తూ 1775 డిసెంబరులో 14 మంది అధికారులు శాసనసభకు అర్జీ పెట్టారు. మీ ఊరి హాజరు పట్టీలో అటువంటి పేర్లున్నాయేమో వెతికితే ఉత్సవానికి కొత్త విషయం దొరుకుతుంది.

మనవారు ఈ ఉత్సవాలు మనవి కావనుకుంటారని మీరు రాశారు. యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికే వచ్చాడు, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేశాడు, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి ఉత్తర సర్కారులలో, అంటే మన కోస్తా జిల్లాలలో, జమీందారీలను అదే పద్ధతిలో ఖాయం చేశారు. 1782లో డెలావేర్ అఖాతంలో బ్రిటిష్ నౌకను పట్టుకున్న పెన్సిల్వేనియా ఓడ పేరు హైదర్ అలీ. ఈ రెండు సంగతులు సంఘం సమావేశంలో చెప్పి చూడండి, మిమ్మల్ని చూసే చూపే మారుతుంది.

సమాధుల తోట పనికి పిలిస్తే కొన్ని జాగ్రత్తలు. అనుమతి లేనిదే రాయిని ముట్టుకోవద్దు. శుభ్రం చేయడానికి మంచినీళ్లు, మెత్తని నైలాన్ బ్రష్ చాలు. బ్లీచ్, ఇనుప బ్రష్, ప్రెషర్ వాషర్ రాతిని తినేస్తాయి. న్యూ ఇంగ్లండ్ నల్లపలక రాళ్లు పొరలు పొరలుగా ఊడిపోతాయి కనుక కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అక్షరాలు తీయడం కూడా మానండి, పక్కనుంచి వెలుతురు పడేటప్పుడు ఫొటో తీసుకోండి. మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి: పూలు సరే, రాతి మీద నూనె దీపం, కొవ్వొత్తి వద్దు; ఆ మరక పోదు. సైనికుడి సమాధికి రాయే లేకపోతే వెటరన్స్ అఫైర్స్ శాఖ ఉచితంగా రాయి ఇస్తుంది, ఈ యుద్ధం నాటివారికి కూడా. సేవకు దస్త్రపు ఆధారం చూపాలి, పాతించే ఖర్చు మనది. సమాధి పక్కన సంఘాల లోహపు గుర్తు కనిపిస్తే ఒకప్పుడు ఎవరో అతనిని సైనికుడిగా అంగీకరించారని మాత్రమే అర్థం.

సంఘానికి మీరు నిజంగా ఏమివ్వగలరంటే, చాలా సంఘాలలో సభ్యులు డెబ్బై దాటినవారు. స్కానింగ్, జాబితాలు, వెబ్‌సైటు, గ్రాంటు దరఖాస్తులు చేసేవారు లేరు. మీ కంపెనీ స్వచ్ఛంద సేవా గంటలకు విరాళమిచ్చేదైతే, సంఘానికి 501(సి)(3) హోదా, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ హోదా, ఉందో లేదో కనుక్కుని నమోదు చేయించండి. వీసా మీద ఉన్నవారు గౌరవవేతనం పేరుతో ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. నేషనల్ ఆర్కైవ్స్ 2023 నుంచి ఈ పెన్షన్ ఫైళ్లను స్వచ్ఛంద సేవకుల చేత ఎత్తిరాయిస్తోంది. మీ అమ్మాయికి గొలుసుకట్టు ఇంగ్లిషు చదవడం వస్తే, తన సైనికుడి ఫైలుతోనే మొదలుపెట్టవచ్చు. మొదట్లో పంక్తికి అయిదు నిమిషాలు పడుతుంది, గుమాస్తా చేతిరాత అలవాటయ్యాక వేగం వస్తుంది.

వ్యాసంలో ఫలకం మాట రాయాలా, ఫైలు మాట రాయాలా అని కూడా అడిగారు. రెండూ రాయమనండి: ఫలకం ఏ సంవత్సరంలో ఎవరు వేయించారు, వాంగ్మూలం ఏ కోర్టులో ఏ తేదీన ఇచ్చారు, ఆ నాటికి అతని వయసెంత, హాజరు పట్టీలో ఎన్ని నెలలున్నాయి. ఫైలు అంకె దొరకక ఇబ్బంది పడితే సైనికుడి పేరు, కౌంటీ ఇక్కడ రాయండి, నేను వెతికి చెబుతాను.